మందు ఆగితే మళ్లీ ఠాణాకే
* మానసిక రుగ్మతతో పదేపదే కేసుల్లో చిక్కుకుంటున్న అభాగ్యులు
* పోలీసులు, వైద్యులు, కోర్టు, కారాగారం.. ఎవరి పని వారిదే
* అప్పగింతల్లోనే అసలు లోపం

ఉప్పల్‌: దుకాణంలో చిల్లర దొంగతనం, మద్యం మత్తులో రభస, ఆగి ఉన్న బస్సు అద్దం పగలగొట్టడం, పొరుగువారితో కొట్లాట.. ఏ ఠాణాకైనా నిత్యం వచ్చే ఫిర్యాదులివి. నిందితుల్లో కొందరి పేర్లు ఏటా మళ్లీమళ్లీ కనిపిస్తుంటాయి. వారిలో కరడుగట్టిన నేరగాళ్లు ఉన్నట్లే, మానసిక రుగ్మతకు చికిత్స మధ్యలో ఆగిపోయినవారూ ఉంటారు. పట్టుకోవడం, రిమాండ్‌కు పంపడం, విడుదల చేయడం, మళ్లీ పట్టుకోవడం అనే చక్రంలో వీరు ఏళ్ల తరబడి తిరుగుతుంటారు. దీనివల్ల ఫిర్యాదుదారుకు రక్షణ దొరకదు, రోగికి చికిత్స అందదు. పోలీసుల సమయం, కోర్టు సమయం, ప్రజాధనం ఖర్చవుతూనే ఉంటాయి.

ఈ చక్రాన్ని ఆపేందుకు అవసరమైన నిబంధనలు చట్టంలో చాలావరకు ఉన్నాయి. ఠాణా, ఆస్పత్రి, కోర్టు, కారాగారం.. ప్రతిదానికీ విధులు నిర్దేశించారు. అయితే రోగి ఒక గుమ్మం దాటి మరో గుమ్మానికి చేరే సమయంలో అతడి వెంట మందుల చీటీ, వైద్య వివరాలు, బాధ్యత వహించే మనిషి వెళ్లకపోతే ఆ విధులన్నీ నిష్ఫలమవుతాయి.

తూర్పు శివారు తీరు

ఉప్పల్‌ కూడలి వరంగల్‌, యాదగిరిగుట్ట వైపు వెళ్లే బస్సులకు కూడలి. ఉపాధి వెతుక్కుంటూ వచ్చేవారు, ఇల్లు విడిచి వచ్చినవారు ముందుగా దిగేది ఇక్కడే. పక్కనే ఉన్న నాచారం, మల్లాపూర్‌ పారిశ్రామికవాడల్లో ఇతర జిల్లాల నుంచి, రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు అద్దె గదుల్లో ఉంటారు. ఇంటివారు దగ్గర లేని చోట మనిషి ప్రవర్తనలో మార్పు వచ్చినా తొలిదశలో గుర్తించేవారుండరు. నిద్ర లేకపోవడం, తనలో తాను మాట్లాడుకోవడం, ఎవరో వెంటాడుతున్నారన్న భయం వంటి లక్షణాలు ముదిరి వీధిలో గొడవగా మారాకే విషయం బయటపడుతుంది. అప్పుడు మొదట వచ్చేది పోలీసులే.

మానసిక రుగ్మత ఉన్నవారిలో అత్యధికులు ఏ నేరమూ చేయరు. నిజానికి వారే దోపిడీకి, దాడులకు ఎక్కువగా గురవుతారు. బెంగళూరులోని నిమ్హాన్స్‌ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని అదే సర్వే తేల్చింది. ఈ లోటు ఎంత పెద్దదైతే, చికిత్స అందక ఠాణా మెట్లెక్కేవారి సంఖ్య అంత పెరుగుతుంది.

మత్తు వ్యసనం ఈ సమస్యను మరింత జటిలం చేస్తుంది. తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజీపాం వంటి మత్తుమందులు కలిపిన ఉదంతాలు అనేకం. 2015లో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు అలవాటుపడినవారు ఒక్కసారిగా మానేయాల్సి వచ్చి మూర్ఛలు, మతిభ్రమణంతో ఆస్పత్రుల పాలయ్యారు. మద్యం, మత్తుపదార్థాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రుగ్మతగానే పరిగణిస్తుంది. ‘తాగి చేశాడు’ అని కేసు మూసేస్తే సగం పనే పూర్తయినట్లు.

ఒక ఉదాహరణ

పరిస్థితి బోధపడేందుకు ఒక కల్పిత ఉదాహరణ చూడవచ్చు. నాచారంలోని ఒక కర్మాగారంలో పనిచేసే ముప్పై ఏళ్ల కార్మికుడికి స్కిజోఫ్రెనియా ఉంది. ఎర్రగడ్డ ఆస్పత్రిలో మందులు రాశారు. వాడినంతకాలం పనికి వెళ్లాడు. ప్రతి నెలా మందుల కోసం ఒక రోజు కూలీ పోగొట్టుకోలేక మానేశాడు. మూడు నెలలకు భయాలు తిరగబెట్టాయి. పక్క గదివారితో గొడవపడి తలుపు పగలగొట్టాడు. కేసు నమోదైంది. రిమాండ్‌లో జైలు వైద్యుడు మందులు మొదలుపెట్టారు, కోలుకున్నాడు. బెయిల్‌ వచ్చిన రోజు సాయంత్రం చేతిలో చీటీ లేకుండానే గేటు బయటికి వచ్చాడు. గది ఖాళీ చేయించారు, ఉద్యోగం పోయింది. రెండు నెలలకు ఉప్పల్‌ కూడలిలో ఒక దుకాణంలో తినుబండారాలు ఎత్తుకుపోయాడని రెండో కేసు. ఈసారి అతడు ‘పాత నేరస్థుడు’.

ఈ కథలో ఎవరూ విధి విస్మరించలేదు. పోలీసులు ఫిర్యాదు తీసుకున్నారు, వైద్యుడు చికిత్స చేశారు, కోర్టు బెయిల్‌ ఇచ్చింది. అయినా ఫలితం మారలేదు. ఒకరు మొదలుపెట్టిన పని మరొకరికి అందకపోవడమే ఇందుకు కారణం.

ఠాణాలో ఏం జరగాలి

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. ఆ చట్టంలోని 100వ సెక్షన్‌ ఠాణా అధికారికి స్పష్టమైన బాధ్యత అప్పగించింది. తన పరిధిలో దిక్కుతోచక తిరుగుతూ, మానసిక రుగ్మత వల్ల తనను తాను చూసుకోలేని వ్యక్తి కనిపిస్తే రక్షణలోకి తీసుకోవాలి. రుగ్మత కారణంగా తనకు గానీ ఇతరులకు గానీ ప్రమాదం తెచ్చేలా ఉన్న వ్యక్తి విషయంలోనూ అంతే. ఎందుకు తీసుకెళ్తున్నదీ అతడికి చెప్పాలి. 24 గంటలు మించకుండా సమీపంలోని ప్రభుత్వ వైద్య సంస్థకు తరలించాలి. అలా రక్షణలోకి తీసుకున్న వ్యక్తిని లాకప్‌లో గానీ కారాగారంలో గానీ ఉంచకూడదు.

ఇక్కడ ‘సమీపంలోని ప్రభుత్వ వైద్య సంస్థ’ అన్న మాట ముఖ్యం. తప్పనిసరిగా ఎర్రగడ్డకే తీసుకెళ్లాలని చట్టం అనలేదు. పరీక్షకు ఏర్పాట్లు చేయాల్సిన బాధ్యత ఆ సంస్థ వైద్యాధికారిది. ఆస్పత్రిలో చేర్చాల్సినంత తీవ్రత లేదని తేలితే పోలీసులు అతడిని ఇంటికి, ఇల్లు లేకపోతే ప్రభుత్వ నిరాశ్రయుల వసతికి చేర్చాలి. నిరాశ్రయుడైతే అదృశ్యమైన వ్యక్తిగా ఎఫ్‌ఐఆర్‌ నమోదు చేసి కుటుంబీకుల ఆచూకీ కనుక్కోవాలి.

నేరారోపణపై అరెస్టు చేయడం వేరే ప్రక్రియ. అక్కడా తొలి అవకాశం ఉంది. అరెస్టయిన వ్యక్తికి వైద్యపరీక్ష చేయించాలని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్‌ సురక్షా సంహిత 53వ సెక్షన్‌ నిర్దేశిస్తోంది. ఈ పరీక్ష ఒంటిపై గాయాలు చూసి సంతకం పెట్టడంతో ముగియకుండా ‘ఇంతకుముందు మానసిక చికిత్స పొందారా, ఏ మందులు వాడుతున్నారు’ అన్న రెండు ప్రశ్నలు అడిగితే చాలావరకు చిక్కుముడి అక్కడే విడుతుంది.

కోర్టు ముందు మూడు ప్రశ్నలు

మానసిక రుగ్మత ఉంటే శిక్ష ఉండదన్న అపోహ ప్రజల్లో ఉంది. చట్టం మూడు ప్రశ్నలను వేర్వేరుగా చూస్తుంది.

మొదటిది, నేరం జరిగిన క్షణంలో అతడి మానసిక స్థితి. తాను చేస్తున్నదేమిటో, అది తప్పని గానీ తెలుసుకోలేని స్థితిలో ఉంటే భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్‌ ప్రకారం అది నేరం కాదు. పాత శిక్షాస్మృతిలో ఇదే 84వ సెక్షన్‌. రుగ్మత ఉందన్న ధ్రువపత్రం ఒక్కటే ఇందుకు సరిపోదు. ఆ క్షణంలో అవగాహన లేదని నిరూపించాలి.

రెండోది, విచారణ సమయంలో తన వాదన వినిపించుకోగలడా అన్నది. ఆ సామర్థ్యం లేదని మేజిస్ట్రేట్‌కు అనిపిస్తే వైద్యపరీక్షకు పంపాలని సురక్షా సంహిత 367వ సెక్షన్‌ చెబుతోంది. సామర్థ్యం లేదని తేలితే, ఆస్పత్రిలో ఉంచాల్సిన అవసరం లేనప్పుడు, బంధువు లేదా మిత్రుడు క్రమం తప్పకుండా వైద్యం చేయిస్తానని పూచీ ఇస్తే విడుదల చేసే వీలు 369వ సెక్షన్‌ కల్పిస్తోంది. పూచీ ఇచ్చేవారు లేకపోతే మానసిక వైద్యం అందే చోట ఉంచేలా ఆదేశించాలి.

మూడోది, ఇప్పుడు చికిత్స అవసరమా అన్నది. పై రెండు ప్రశ్నలకు జవాబు ఏదైనా ఈ హక్కు మిగిలే ఉంటుంది. దోషిగా తేలినవారికీ వైద్యం పొందే హక్కు ఉంది. పదేపదే కేసుల్లో చిక్కేవారిలో ఎక్కువమందికి వర్తించేది ఈ మూడో ప్రశ్నే. మొదటి రెండింటి గురించి వాదన జరగని చిన్న కేసుల్లో దీన్ని అడిగేవారే ఉండరు.

రెండోసారి నుంచే బిగిసే చట్టం

న్యాయ సంహిత తొలిసారిగా సమాజసేవను శిక్షగా ప్రవేశపెట్టింది. రూ.5 వేల లోపు దొంగతనంలో సొత్తు తిరిగి ఇచ్చేస్తే సమాజసేవతో సరిపెట్టవచ్చు. అయితే అది తొలిసారి దోషిగా తేలినవారికే. రెండోసారి, ఆపైన దోషిగా తేలితే 303వ సెక్షన్‌ కింద ఏడాదికి తగ్గని కఠిన కారాగార శిక్ష, గరిష్ఠంగా ఐదేళ్లు ఉంటుంది. బహిరంగ ప్రదేశంలో తాగి అల్లరి చేసినందుకు 24 గంటల వరకు సాధారణ జైలు, రూ.వెయ్యి వరకు జరిమానా లేదా సమాజసేవ విధించవచ్చు.

విచారణ ఖైదీల విషయంలోనూ ఇదే తీరు. గరిష్ఠ శిక్షలో సగం కాలం, తొలిసారి నిందితులైతే మూడో వంతు కాలం జైల్లో గడిపినవారికి బెయిల్‌ పొందే హక్కును సురక్షా సంహిత 479వ సెక్షన్‌ ఇచ్చింది. కానీ ఒకటికి మించి కేసులు పెండింగ్‌లో ఉన్నవారికి ఆ వెసులుబాటు లేదు. చిన్న చిన్న కేసులు నాలుగు పోగైన రోగికి ఈ తలుపు మూసుకుపోతుంది. అలవాటుపడిన నేరస్థుల నుంచి సత్ప్రవర్తన పూచీకత్తు తీసుకునే 129వ సెక్షన్‌ కూడా ఉంది. మందులు లేక మతి తప్పిన మనిషి పూచీకత్తు షరతును గుర్తుపెట్టుకుని పాటిస్తాడని ఆశించడం కష్టం.

అందుకే మొదటి కేసు సమయంలోనే జోక్యం చేసుకోవడం కీలకం. కేసుల సంఖ్య పెరిగేకొద్దీ కోర్టు చేతిలోని ప్రత్యామ్నాయాలు తగ్గుతాయి. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్‌ చట్టం ఇందుకు ఉపకరించే పాత సాధనం. తగిన కేసుల్లో సత్ప్రవర్తన షరతుపై విడిచిపెట్టి ప్రొబేషన్‌ అధికారి పర్యవేక్షణలో ఉంచే అధికారం కోర్టుకు ఉంది. ఆ పర్యవేక్షణను వైద్యంతో ముడిపెడితే శిక్ష, చికిత్స ఒకే దారిలో నడుస్తాయి.

కారాగారంలో..

దేశంలోని ఖైదీల్లో 2022 చివరినాటికి 75.8 శాతం మంది విచారణ ఖైదీలేనని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదిక వెల్లడించింది. నాచారానికి కూతవేటు దూరంలో చర్లపల్లి కేంద్ర కారాగారం ఉంది. మూసీ అవతల చంచల్‌గూడ కారాగారం ఉంది. రుగ్మత ఉన్న ఖైదీని జైలు వైద్య విభాగంలోని మానసిక వార్డుకు, అది లేకపోతే మానసిక వైద్య సంస్థకు మార్చాలని 103వ సెక్షన్‌ నిర్దేశిస్తోంది. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక వైద్య సంస్థ ఏర్పాటు చేయాలి. జైలులో రుగ్మత ఉన్న ఖైదీలు లేరని ధ్రువీకరిస్తూ జైలు వైద్యాధికారి మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు నివేదిక పంపాలి.

ఖైదీల ప్రవర్తనలో మార్పు తెచ్చేందుకు తెలంగాణ జైళ్లశాఖ ‘ఉన్నతి’ పేరిట మనస్తత్వశాస్త్ర ఆధారిత శిక్షణ చేపట్టింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యురాలు బీనా చింతలపూరి దీనికి రూపకల్పన చేశారు. విడుదలైనవారికి జైళ్లశాఖ పెట్రోలు బంకుల్లో పని కల్పించిన అనుభవమూ ఉంది. ఉపాధి, ప్రవర్తన శిక్షణ రెండూ అవసరమే. అయితే తీవ్ర రుగ్మత ఉన్నవారికి వీటికి తోడు మందులు ఆగకుండా అందాలి.

యాభై నాలుగేళ్ల పాఠం

కాగితం ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి కదలకపోతే ఏమవుతుందో అస్సాంకు చెందిన మాచాంగ్‌ లాలుంగ్‌ ఉదంతం చాటింది. 1951లో కొట్లాట కేసులో అరెస్టయిన ఆయనను తేజ్‌పుర్‌ మానసిక వైద్యశాలకు పంపారు. కోలుకున్నారని 1967లో వైద్యులు ధ్రువీకరించినా ఇంటికి పంపకుండా గువాహటి జైలుకు తరలించారు. విచారణ జరగనేలేదు. చివరికి 2005 జులైలో ఒక్క రూపాయి వ్యక్తిగత పూచీపై విడుదలయ్యారు. అప్పటికి 54 ఏళ్లు గడిచాయి. ఆస్పత్రి తన పని చేసింది, జైలు తన పని చేసింది. ఆ రెంటికీ, కోర్టుకూ మధ్య వారధిగా నిలిచినవారే లేరు.

అసలు పరీక్ష విడుదల రోజు

ఆస్పత్రి నుంచి రోగిని పంపే ముందు ఏం చేయాలో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 98వ సెక్షన్‌ వివరిస్తుంది. రోగితో, అతడు నామినేట్‌ చేసుకున్న ప్రతినిధితో, ఇకపై ఎవరింట ఉంటాడో ఆ కుటుంబ సభ్యుడితో, ముందుముందు చూడబోయే వైద్యుడితో సంప్రదించి తదుపరి చికిత్స ఖరారు చేయాలి. ఇది ఆస్పత్రికి వర్తించే నిబంధన. జైలు గేటు వద్ద కూడా ఇదే పద్ధతి పాటిస్తే తిరిగి వచ్చేవారి సంఖ్య తగ్గుతుంది. చిక్కేమిటంటే, విచారణ ఖైదీకి బెయిల్‌ ఎప్పుడొస్తుందో ముందుగా తెలియదు. ఉత్తర్వు మధ్యాహ్నం వస్తే సాయంత్రానికి విడుదల. అందువల్ల రుగ్మత ఉన్న ప్రతి ఖైదీకి చేరిన వారంలోనే విడుదల చీటీ సిద్ధం చేసి ఉంచడం మేలైన మార్గం. రోగం పేరు, మందులు, మోతాదు, తదుపరి వెళ్లాల్సిన వైద్యశాల, బాధ్యుడి ఫోన్‌ నంబరు అందులో ఉండాలి. చేతిలో కనీసం రెండు వారాల మందులు పెట్టి పంపితే కొత్త వైద్యుడిని చేరే వ్యవధి దొరుకుతుంది.

దగ్గర్లో ఏమున్నాయి

ఉప్పల్‌ నుంచి ఎర్రగడ్డ మానసిక వైద్యశాల నగరానికి ఆ చివర ఉంది. మెట్రోలో అమీర్‌పేట చేరి అక్కడ మియాపూర్‌ వైపు వెళ్లే రైలు మారాలి. నాచారంవాసులు ముందుగా హబ్సిగూడ స్టేషన్‌కు రావాలి. భయాలతో సతమతమయ్యే రోగిని ఆ రద్దీలో తీసుకెళ్లడం ఇంటివారికి ఓ ప్రయాసే. ప్రతిసారీ అక్కడికే వెళ్లనక్కర్లేదు. సికింద్రాబాద్‌ గాంధీ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉద్దేశమే వైద్యాన్ని ఇంటికి దగ్గర చేయడం. రోగం నిర్ధారణయ్యాక మందుల కొనసాగింపును పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 2018 నుంచి వచ్చిన బస్తీ దవాఖానాలు చేపట్టగలిగితే సగం దూరం తగ్గినట్లే.

నాచారం కార్మికులకు స్థానికంగా ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉంది. స్కిజోఫ్రెనియా వంటి తీవ్ర మానసిక వ్యాధులు ఈఎస్‌ఐ దీర్ఘకాలిక వ్యాధుల జాబితాలో ఉన్నాయి. అర్హత ఉన్న కార్మికుడికి వేతనంలో 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు అనారోగ్య భృతి పొందే వీలుంది. ఉద్యోగం పోయాక కాకుండా లక్షణాలు కనిపించిన తొలినాళ్లలోనే ఈ హక్కును వినియోగించుకోవాలి. కర్మాగారాల యాజమాన్యాలు, కార్మిక సంఘాలు ఈ సంగతి తెలియజేస్తే ఎన్నో కుటుంబాలు వీధిన పడకుండా ఉంటాయి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక రుగ్మత ఒకటి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్లు ధ్రువపత్రం పొందితే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. తెలంగాణలో ఈ పింఛనును 2023 జులైలో రూ.4,016కు పెంచారు. అద్దె గది నిలబెట్టుకునేందుకు, మందుల కోసం తిరిగేందుకు ఇది ఆసరా అవుతుంది.

రెండు బల్లలు.. చెరో లోటు

సమన్వయానికి కొత్త కార్యాలయం అవసరం లేదు. అందరూ కలిసి కూర్చునే వేదికలు ఇప్పటికే రెండున్నాయి. ఒకటి విచారణ ఖైదీల సమీక్ష కమిటీ. జిల్లా జడ్జి అధ్యక్షతన కలెక్టర్‌, పోలీసు అధికారి, జైలు సూపరింటెండెంట్‌, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి ఇందులో ఉంటారు. మానసిక స్థితి సరిగా లేని ఖైదీల కేసులను పరిశీలించడం ఈ కమిటీ పనుల్లో భాగమే. అయితే కమిటీ నిర్దిష్ట కూర్పులో వైద్యుడికి చోటు లేదు.

రెండోది మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు. జిల్లా జడ్జి హోదా ఉన్నవారు అధ్యక్షులుగా, కలెక్టర్‌ ప్రతినిధి, మానసిక వైద్యుడు, మరో వైద్యుడు, రోగులు లేదా వారి సంరక్షకుల ప్రతినిధులతో ఈ బోర్డు ఉండాలన్నది చట్టం. ఇక్కడ పోలీసులకు, జైలు అధికారులకు చోటు లేదు. ఒక బల్ల వద్ద వైద్యుడు లేడు, మరో బల్ల వద్ద పోలీసు లేడు. సమీక్ష కమిటీ భేటీలకు మానసిక వైద్యుడిని, ప్రొబేషన్‌ అధికారిని ఆహ్వానించి, రుగ్మత ఉండి రెండుకు మించి కేసులున్నవారి జాబితాను విడిగా పరిశీలిస్తే ఖర్చు లేకుండానే లోటు తీరుతుంది.

క్షేత్రస్థాయిలో కావాల్సింది ఒక మనిషి. ఠాణా నుంచి ఆస్పత్రికి, కోర్టు నుంచి జైలుకు, జైలు నుంచి గదికి రోగి వెంట నడిచే సామాజిక కార్యకర్త. ముంబయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ 1990లో ‘ప్రయాస్‌’ను ప్రారంభించి జైళ్లలో, కోర్టుల్లో సామాజిక కార్యకర్తలను నియమించింది. ఢిల్లీ జామా మసీదు ప్రాంతంలో ఇహబాస్‌ వైద్యులు, ఆశ్రయ్‌ అధికార్‌ అభియాన్‌ సంస్థ కలిసి నిరాశ్రయులకు వీధిలోనే మానసిక వైద్యం అందించారు. రోడ్లపై తిరిగే రోగులకు చికిత్స చేసి సొంత ఊళ్లకు చేర్చినందుకు మహారాష్ట్ర వైద్యుడు భరత్‌ వాట్వానీ 2018లో రామన్‌ మెగసెసే పురస్కారం అందుకున్నారు. అమెరికాలోని మెంఫిస్‌ నగరం 1988లోనే పోలీసులకు 40 గంటల ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. మయామిలో న్యాయమూర్తి స్టీవ్‌ లీఫ్‌మన్‌ 2000 సంవత్సరంలో చిన్న నేరాల్లో చిక్కిన రోగులను జైలు నుంచి వైద్యానికి మళ్లించే పథకం ప్రారంభించారు. రోగి వెంట ఒక బాధ్యుడిని ఉంచడం ఆ పథకంలోనూ భాగమే.

న్యాయసేవాధికార సంస్థల పారాలీగల్‌ వాలంటీర్లు, ఆశా కార్యకర్తలు, పరిసరాల్లోని కళాశాలల సామాజిక సేవా విద్యార్థులు ఉప్పల్‌, నాచారం ప్రాంతాల్లో ఈ పాత్ర పోషించగలరు. ముందుగా ఎవరు ఎవరికి ఫోన్‌ చేయాలో ఒక్క పేజీలో రాసి ఠాణాలో, ఆరోగ్య కేంద్రంలో గోడకు అతికిస్తే పని మొదలవుతుంది.

గోప్యత గీత దాటరాదు

సమన్వయం పేరిట రోగి వివరాలన్నీ అందరికీ పంచడం చట్టవిరుద్ధం. రుగ్మత, చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు 23వ సెక్షన్‌ ఇచ్చింది. ఠాణాకు కావాల్సింది రోగం పేరు కాదు, ఎవరిని పిలవాలి, ఎక్కడికి తీసుకెళ్లాలి అన్నది మాత్రమే. కోర్టుకు కావాల్సింది వైద్యుడి నివేదిక. యజమానికి ఏదీ చెప్పనక్కర్లేదు. రోగి సమ్మతితో, అవసరమైనంతే పంచుకోవాలి. లేకపోతే రౌడీషీట్‌కు తోడు ‘పిచ్చి’ అన్న ముద్ర పడుతుంది. అద్దె గది, కొలువు రెండూ దొరకవు.

ఫిర్యాదుదారుల భయాన్నీ తేలిగ్గా తీసుకోరాదు. అద్దం పగిలిన దుకాణదారు నష్టం నిజమైనదే. అతడి ఫిర్యాదు స్వీకరించాల్సిందే. అయితే ఆరు నెలలకోసారి అదే అద్దం పగలకుండా ఉండాలంటే నిందితుడికి మందు అందడమే దుకాణదారుకూ దక్కే గట్టి భరోసా.

కుటుంబ సభ్యులు గుర్తుంచుకోవాల్సినవి

* మందుల చీటీలు, డిశ్చార్జి పత్రాల నకళ్లు రెండు జతలు దగ్గర ఉంచుకోవాలి. ఒక జత ఇంటి బయట నమ్మకస్తుల వద్ద ఉండటం మంచిది.
* అరెస్టయితే చికిత్స సంగతిని ఠాణా అధికారికి, మేజిస్ట్రేట్‌కు రాతపూర్వకంగా తెలపాలి. నోటిమాట రికార్డులోకి ఎక్కదు.
* ఉచిత న్యాయసహాయం రోగి హక్కు. ఈ సంగతి తెలియజేయాల్సిన బాధ్యత పోలీసులు, మేజిస్ట్రేట్‌పై ఉందని 27వ సెక్షన్‌ చెబుతోంది. న్యాయసేవల సహాయవాణి నంబరు 15100.
* రిమాండ్‌కు పంపితే చీటీ నకలును జైలు వైద్యాధికారికి చేర్చాలి. బెయిల్‌ దరఖాస్తు సమయంలోనే విడుదల తర్వాతి వైద్యం గురించి అడగాలి.
* కోలుకున్న సమయంలో రోగి తనకు ఎలాంటి చికిత్స కావాలో ముందస్తుగా రాసిపెట్టవచ్చు. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని నామినేట్‌ చేసుకోవచ్చు.
* లక్షణాలు తిరగబెడుతున్నాయనిపిస్తే గొడవ జరిగేదాకా ఆగకుండా 14416కు ఫోన్‌ చేయాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్‌ సేవలు తెలుగులోనూ అందుతాయి.
* గొలుసులతో కట్టేయడం చట్టరీత్యా నిషిద్ధం. అత్యవసరమైతే 108 లేదా 112 నంబర్లను ఆశ్రయించాలి.